గుత్తోళ్ల ఇల్లు: వేలంపాటల కాలం, మా ముత్తాత లెక్క

మొన్న దసరాకు జనవాడ ఇంట్లో చాన్నాళ్లకు అందరం కలిశాం. బెంగళూరు నుంచి, పుణె నుంచి పిల్లలొచ్చారు, జహీరాబాద్ ఆడపడుచులొచ్చారు. సాయంత్రం జమ్మి ఆకు పంచుకుని, పెద్దవాళ్ల కాళ్లకు మొక్కి వసారాలో కూర్చున్నాక, మాటల్లో మాట వచ్చి చిన్న గొడవైంది. ఈసారి రాయాల్సింది ఆ గొడవ గురించే.

మా అన్న కొడుకు ఒక ఇన్సూరెన్సు కంపెనీలో పాలసీలు అమ్మే ఉద్యోగం చేస్తున్నాడు. ఎవరూ అడగకుండానే వాడే చెప్పాడు. ఒక ముసలి రైతు, పొలం అమ్మిన డబ్బు బ్యాంకులో వేద్దామని వస్తే, ఏటేటా కట్టాల్సిన పాలసీ ఒకటి అంటగట్టాడట. రెండో ఏడు ఆయన కట్టలేకపోయాడు, పెట్టినదాంట్లో చాలా భాగం పోయింది. "నేను అమ్మకపోతే పక్క టేబులు వాడు అమ్మేవాడు. నెలాఖరుకు లిస్టులో అడుగున ఉన్న ఇద్దరిని తీసేస్తారు. నన్నేం చేయమంటావు చిన్నాయనా?" అని అడిగాడు. మాకు వెంటనే జవాబు తోచలేదు. గోడకానుకుని వక్కలు కత్తిరిస్తున్న మా మేనత్త మాత్రం తలెత్తకుండా, "మీ తాతల తాత గూడ గిట్లనే అన్నడంట" అంది.

ఆమెకు ఎనభై దాటాయి. ఆమె చెప్పింది మా ముత్తాత సంగతి. మాకు తెలియని కథేం కాదు. కానీ మేము విన్నప్పుడల్లా అది ఆయన తెలివితేటల కథగానే విన్నాం.

కొత్తగా చదివేవాళ్ల కోసం ముందు ఊరి సంగతి. జనవాడ బీదర్ నుంచి ఔరాద్ వెళ్లే దారిలో, మంజీరకు ఈవల ఉంటుంది. మా పెద్దలు నారాయణఖేడ్ వైపు నుంచి ఇక్కడికి వచ్చారు. అప్పుడు అది రాష్ట్రం దాటడం కాదు, జిల్లా దాటడం కూడా కాదు. హైదరాబాద్ సంస్థానంలో నారాయణఖేడ్, జహీరాబాద్ రెండూ బీదర్ జిల్లాలోవే. 1956 నవంబరు 1న గీత గీశారు. బీదర్, భాల్కి, హుమ్నాబాద్, ఔరాద్ వైపు మైసూరు రాష్ట్రానికి, ఉద్గీర్, నీలంగా, అహ్మద్‌పూర్ బొంబాయి రాష్ట్రానికి, మా వాళ్ల పాత ఊళ్లు మెదక్ జిల్లాలో కలిసి ఆంధ్రప్రదేశ్‌కు పోయాయి. ఒక్క పొద్దున మేము "బయటి తెలుగువాళ్లం" అయ్యాం. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం, బజారులో దక్కనీ, చుట్టాల్లో కొందరికి మరాఠీ. ఊళ్లో మా ఇంటిని ఇప్పటికీ "గుత్తిగెదారర మనె" అంటారు. మేము మాలో మేము గుత్తోళ్ల ఇల్లు అంటాం. చిన్నప్పుడు ఆ పేరు మాకు గొప్పగా ఉండేది.

ఆ గుత్త సేంది గుత్త. కల్లు, సారాయి మీద వచ్చే ఆబ్కారీ రాబడి నిజాం ప్రభుత్వానికి పెద్ద ఆదాయాల్లో ఒకటి. కొన్ని ఊళ్లను కలిపి, అక్కడి ఈతచెట్ల కల్లు గీయించి అమ్ముకునే హక్కును వేలం వేసేవాళ్లు. ఎక్కువ పాడినవాడికి గుత్త. మన భాషలో వేలాన్ని పాట అంటాం, రేటు పెంచడాన్ని పాడటం అంటాం. ఈ మాటలు వింటే ఏదో భజన అనుకోవాలి, లోపల మాత్రం చెమటలు పట్టే వ్యవహారం. గుత్త దొరికినవాడు ప్రభుత్వానికి కిస్తులు కట్టాలి. తప్పితే జామీను ఉన్నవాళ్ల ఆస్తి మీదికి వస్తుంది. అతను కిందివాళ్ల దగ్గర, అంటే చెట్టెక్కి గీసే గౌడుల దగ్గర, చెట్టుకింత అని వసూలు చేసుకుంటాడు.

మా ముత్తాత 1340 ఫస్లీలో, అంటే 1930-31లో, పోయిన ఏటి పాట మీద దాదాపు సగం ఎక్కువ పాడి గుత్త పట్టాడు. పక్క ఊరి ఆసామి ఒకడు పోటీకి వచ్చాడట, పంతం పెరిగిందట. ఆ ఏడే ప్రపంచమంతా పంటల ధరలు పడిపోయి ఉన్నాయి. జొన్నకు, పత్తికి ధర లేదు. జేబులో పైసా లేనివాడు సేంది దుకాణానికి ఎందుకొస్తాడు? కిస్తుల గడువు మాత్రం ఆగదు. అప్పుడు ఆయన చేసిన పనులు మా ఇంట్లో ఉన్న లెక్కల బహీలోనే కనిపిస్తాయి. గౌడులు చెట్టుకిచ్చే రేటు నడి ఏట పెంచాడు. ఎండిపోయిన చెట్లను పారే చెట్ల లెక్కలో రాశాడు. కూలివాళ్లకు కల్లు అప్పు పెట్టి, జొన్న కోతలప్పుడు కల్లం దగ్గరే గింజలు కొలిపించుకున్నాడు. ఒక గౌడు కుటుంబం బాకీ తీర్చలేక రాత్రికి రాత్రి ఊరు విడిచిపోయింది. వాళ్ల ఇల్లు కూలిపోయాక ఆ జాగా మా పెరట్లో కలిసింది. చింతచెట్టు ఉన్నది అక్కడే. మేమంతా ఊగిన ఉయ్యాల ఆ చెట్టుకే.

మా తాతలు ఈ కథ చెప్పినప్పుడల్లా ఒకటే మాటతో ముగించేవారు: "ఆయనేం చేస్తడు, పాట అట్ల వోయింది." పక్క గుత్తేదారు ఇంకా ఘోరంగా పిండాడని కూడా జోడించేవారు. అది నిజమే అయి ఉండొచ్చు.

ఈ మాటకు వయసు మా ముత్తాత కంటే చాలా ఎక్కువ. బీదర్ జిల్లా, తెలంగాణ, మరాఠ్వాడా అంతా ఒకప్పుడు కల్లుకే కాదు, భూమిశిస్తుకే వేలంలో పోయింది. 1808 చివర మీర్ ఆలం చనిపోయాక పేరుకు మునీరుల్‌ముల్క్ దివాన్ అయ్యాడు, పని మాత్రం మహారాజా చందూలాల్ చేతిలోకి వచ్చింది. 1843లో రాజీనామా చేసేదాకా ఆయన మాటే సాగింది. ఆయన కాలంలో తాలూకాలను గుత్తకివ్వడం బాగా ముదిరింది. తాలూకా కావాలన్నవాడు ముందుగానే నజరానా కట్టాలి. అది చేతిలో ఉండదు కాబట్టి సాహుకారు దగ్గరో అరబ్బు జమాదారు దగ్గరో పెద్ద వడ్డీకి తేవాలి. తీరా వెళ్లి వసూలు మొదలుపెట్టేసరికి, హైదరాబాదులో ఇంకొకడు ఇంకాస్త ఎక్కువ చెప్పి అదే తాలూకాకు హుకుం రాయించుకుని బయల్దేరవచ్చు. కొత్తగా నియమించిన అధికారి గుర్రం మీద వెనక్కి తిరిగి కూర్చుని వెళ్లాడని, ఎందుకంటే "నా తర్వాతివాడు వస్తున్నాడేమో చూసుకుంటున్నా" అన్నాడని ఒక కథ చాలా రాజ్యాల్లో చెప్పుకుంటారు. ఎక్కడ జరిగిందో ఏమో గానీ చందూలాల్ కాలపు తాలూక్‌దారుకు అతికినట్టు సరిపోతుంది.

అలాంటివాడు ఏం చేస్తాడు? చెరువు పూడిక తీయిస్తే వచ్చే ఏడు పంట పెరుగుతుంది, కానీ వచ్చే ఏడు తాను ఉంటాడో లేడో. రైతుకు విత్తనానికి అప్పు ఇస్తే తిరిగి వచ్చేది ఎవరి చేతికో. కాబట్టి పంట కోతకు రాకముందే వసూలు చేసేవాళ్లు, ఒకడు వసూలు చేసి పోయాక వచ్చినవాడు మళ్లీ అడిగేవాడు. ఊళ్లు ఖాళీ అయ్యేవి. ఆ రోజుల్లో భూమికి కొదవ లేదు, దున్నేవాళ్లకే కొదవ. అందుకే బీళ్లు దున్నడానికి రైతుల్ని పిలిచి, మొదటి ఏళ్లలో తక్కువ శిస్తు పెట్టి క్రమంగా పెంచే కౌలు ఇవ్వడం దక్కనులో పాత పద్ధతి. మంచిగా చూసుకున్న తాలూకాకు పక్క తాలూకా రైతులు వలస వచ్చేవారు. అంటే పోటీ అనేది దయ వైపు కూడా పనిచేయగలదు. పదేళ్లు ఉంటాననే నమ్మకం ఉన్న తాలూక్‌దారుకు మంచితనమే లాభం. పది నెలలు కూడా నమ్మకం లేనివాడికి పిండుకోవడమే లాభం. పోటీ రెండు చోట్లా ఉంది, గడువు మాత్రమే తేడా. ఇది మా సొంత అభిప్రాయం కాదు, అప్పుడే పరీక్షకు వచ్చింది. 1820లో రెసిడెంటుగా వచ్చిన చార్లెస్ మెట్కాఫ్ కొన్ని జిల్లాల్లో ఇంగ్లీషు అధికారుల్ని పెట్టి, ఊరూరికీ కొన్నేళ్ల పాటు మారని శిస్తు నిర్ణయించాడు. వెళ్లిపోయిన రైతులు కొందరు తిరిగొచ్చారు. 1829లో సికందర్ జా పోయి నాసిరుద్దౌలా గద్దెనెక్కాక ఆ అధికారుల్ని వెనక్కి పంపించేశారు. పాత పాటలు మళ్లీ మొదలయ్యాయి.

అలాగని ఇంగ్లీషువాళ్లను మెచ్చుకుని కూర్చోలేం. చందూలాల్‌ను అడిగితే ఆయనకూ చెప్పుకోవడానికి పైన ఒకరున్నారు. రెసిడెంటు హెన్రీ రస్సెల్ కాలంలో పెరిగిన సైన్యానికి, తర్వాత హైదరాబాద్ కంటింజెంట్ అని పేరు పడ్డదానికి, ఏడాదికి సుమారు 40 లక్షలు కట్టాలి. అది నిజాం ఖర్చుతో నడిచే ఇంగ్లీషు అధికారుల సైన్యం. జీతాలు ఆగితే కంపెనీ ఊరుకోదు. ఆ జీతాల కోసం అప్పు ఇచ్చింది ఎవరు? 1814లో హైదరాబాదులో పెట్టిన విలియం పామర్ కంపెనీ. వడ్డీ ఏడాదికి నూటికి పాతిక దాకా. 1820లో 60 లక్షల కొత్త అప్పు కూడా మంజూరైంది. చివరికి ఆ బాకీ తీర్చడానికి ఏం చేశారో తెలుగువాళ్లు తప్పకుండా తెలుసుకోవాలి. ఉత్తర సర్కారులు, అంటే కోస్తా తెలుగు జిల్లాలు, తీసుకున్నందుకు కంపెనీ నిజాంకు ఏటా 7 లక్షల పేష్కష్ కట్టేది. 1823లో ఆ హక్కును శాశ్వతంగా వదులుకుని దాదాపు 1 కోటి 16 లక్షలు ఒకేసారి తీసుకున్నారు, అది పామర్ బాకీకి పోయింది. మరుసటి ఏడు పామర్ కంపెనీ దివాలా తీసింది.

అంటే గౌడుకు పైన గుత్తేదారు, రైతుకు పైన తాలూక్‌దారు, తాలూక్‌దారుకు పైన సాహుకారు, చందూలాల్, చందూలాల్‌కు పైన రెసిడెంటు, రెసిడెంటుకు పైన కలకత్తా, కలకత్తాకు పైన లండన్ వాటాదార్లు. ఎవరిని అడిగినా వేలు పైకే చూపిస్తారు. చందూలాల్ వ్యక్తిగా క్రూరుడేమీ కాదు. ఉర్దూలో కవిత్వం రాసినవాడు, వాకిట్లోకి వచ్చినవాణ్ని ఉత్త చేతులతో పంపనివాడని పేరు. ఆ దానాలు ఏ తాలూకా నుంచి వచ్చాయని అడిగినవాళ్లు మాత్రం తక్కువ.

వేలంతో పాలించడం ఒక్క హైదరాబాదుకు పట్టిన జబ్బు కాదు. 1770 కరువులో బెంగాల్ చితికిపోయాక, 1772లో వారెన్ హేస్టింగ్స్ అక్కడి శిస్తును ఐదేళ్లకు ఎక్కువ పాడినవాళ్లకు ఇచ్చాడు. పాటలు ఆకాశానికెళ్లాయి, చాలామంది కట్టలేక బాకీపడ్డారు. మన కోస్తాలో 1802 తర్వాత హవేలీ భూముల్ని ముఠాలుగా కట్టి వేలం వేశారు, కొన్న ముఠాదార్లలో ఎందరో నిలదొక్కుకోలేకపోయారు. ఫ్రాన్సులో రాజుగారి పన్నుల్ని గుత్తకు పట్టిన కంపెనీలో రసాయనశాస్త్రవేత్త లవోయిజే వాటాదారు. ఆ ఆదాయంతోనే ప్రయోగశాల నడిపాడు. విప్లవం వచ్చాక 1794 మే 8న ఆయనతో కలిపి 28 మంది పన్నుల గుత్తేదార్లను గిలెటిన్ ఎక్కించారు. వ్యవస్థ చేసినదానికి మనిషి తల తీయడం న్యాయమని మేమనం. అయితే ఆయన శాస్త్రం ఎంత ఆయనదో, ఆ వాటా కూడా అంతే ఆయనది. 1768లో ఎవరూ బలవంతం చేయకుండానే కొనుక్కున్నాడు.

ఇక్కడికి వచ్చాక మేము వసారాలో చేసిన వాదన రాయాలి. పిల్లల్లో ఒకరు, చదువుకున్న పిల్ల, గట్టిగానే అంది: తప్పంతా వ్యవస్థదే, ముత్తాత మంచివాడైనా ఆ కిస్తుకు అదే చేసేవాడు, మంచి మనుషుల మీద ఆశ పెట్టుకోకుండా నియమాలు మార్చాలి అని. ఆ పిల్ల మాటలో చాలా బలముంది. దానికి చరిత్రే సాక్ష్యం. 1853 మే నెలలో బేరారు, రాయచూరు దోఆబ్, ధారాశివ్ వైపు జిల్లాలు అప్పు కింద కంపెనీ చేతికి పోయాక, 24 ఏళ్ల సాలార్‌జంగ్ దివాన్ అయ్యాడు. ఆయన ఉపన్యాసాలు ఇవ్వలేదు. గుత్తలు క్రమంగా రద్దు చేసి, జీతం మీద పనిచేసే తాలూక్‌దార్లను పెట్టాడు. 1865లో జిల్లాబందీ చేశాడు. మధ్యలో వసూలు చేసే దేశ్‌ముఖులకు, దేశ్‌పాండేలకు ఆ పని తీసేసి రుసుములు కట్టబెట్టాడు. మనుషుల్ని కొత్తగా ఎక్కణ్ణుంచో దింపలేదు, చాలాచోట్ల అవే కుటుంబాలు. తాలూక్‌దారు అనే మాట కూడా అదే. ముందు తరంలో ఆ మాటకు వేలం పాడినవాడని అర్థం, తర్వాతి తరానికి కలెక్టరు అని అర్థం. నియమం మారితే అదే మనిషి వేరేలా ప్రవర్తిస్తాడనడానికి ఇంతకంటే ఏం కావాలి?

మేము దాదాపు ఒప్పుకున్నాం. అప్పుడు మేనత్త అడిగింది: "మరి మా మేనమామ సంగతేంది?"

ఆ సంగతి మేము కథలో నవ్వు కోసం వాడుకునేవాళ్లం. 1340 ఫస్లీ వేలంలో మా ముత్తాత బావమరిది కూడా పాడాడు. అంతకుముందు రెండేళ్లు గుత్త ఆయనదే. పాట పెరుగుతుంటే ఒకచోట ఆగిపోయి, తలగుడ్డ దులుపుకుని లేచి వచ్చేశాడు. "ఈ పాటకు సేంది అమ్మితే రాదు, మనుషుల్ని పిండాలె" అన్నాడట. తర్వాత ఎద్దులు, పొలం చూసుకుంటూ బతికాడు. మా ఇంట్లో ఆయన పేరు చెబితే "ధైర్యం లేనోడు" అనేవారు. అదే పొద్దున, అదే వేలంలో, అదే లెక్క చూసినవాడు. ఆయన లేచి వచ్చాడంటే తలుపు తెరిచే ఉందన్నమాట.

ముత్తాత తరఫున చెప్పాల్సింది కూడా చెప్పాలి. బావమరిదికి నల్లరేగడి పొలం ఉంది. ముత్తాతకు ఉన్నది ఎర్రనేల చెలక, పైగా ముగ్గురు ఆడపిల్లలు. లేచి రావడానికి ఆయనకయ్యే ఖర్చు ఎక్కువ. ఎవరి తప్పు ఎంత అని కొలిచేటప్పుడు ఆ ఖర్చు చూడకపోతే అన్యాయం. కానీ ఆ కొలతతోనే కిందికి చూస్తే? చెట్టెక్కే గౌడుకు లేచి రావడానికి అసలు దారే లేదు, ఊరు విడిచి పారిపోవడం తప్ప. పోటీలో అందరూ ఇరుక్కున్నారు అనే మాటలో ఈ తేడా కనపడకుండా పోతుంది. ఒకడు ఆశతో ఇరుక్కున్నాడు, ఒకడు అవసరంతో, ఒకడు పుట్టుకతో.

ఆ రాత్రి బహీ తీసి నెలల వారీగా చూశాం. రాత తెలుగే గానీ మాటల్లో సగం ఉర్దూ, అంకెలు చదవడానికి మేనత్త కావాల్సి వచ్చింది. చూస్తుంటే మాకు ఇంతకుముందు తట్టనిది ఒకటి తట్టింది. ముత్తాతకు పోటీ ఉన్నది ఒక్క పొద్దున. వేలం ముగిసిన క్షణం నుంచి పోటీ లేదు. పన్నెండు నెలల పాటు ఆ ఊళ్లలో సేందికి ఆయన తప్ప ఇంకొకడు లేడు, గౌడులు వేరే గుత్తేదారు దగ్గరికి పోలేరు. ఎండిన చెట్టును పారే చెట్టుగా రాసినప్పుడు ఆయన్ని తరుముతున్న పోటీదారు ఎవరూ లేరు. ఉన్నది తాను నోటితో పాడిన అంకె. పాట పెంచడాన్ని పోటీ మీదికి నెట్టొచ్చు, కొంతవరకు. పెంచిన గొంతుల్లో ఆయన గొంతు ఒకటి కాబట్టి అది కూడా పూర్తిగా కాదు. చెట్ల లెక్క తప్పు రాయడాన్ని మాత్రం పోటీ మీద వేయలేం. నష్టం వచ్చింది, ఆ నష్టాన్ని తన కంటే బలహీనుల మీదికి దించాడు. ఆ దించడానికి మా ఇంట్లో "పాట అట్ల వోయింది" అని పేరు పెట్టుకున్నాం.

చందూలాల్ తాలూక్‌దార్లకు పోటీ ఒక్కరోజుది కాదు, ఏడాది పొడుగునా వెన్నంటి ఉండేది. కాబట్టి మా లెక్క ప్రకారం ముత్తాత కంటే వాళ్లకే ఎక్కువ సాకు ఉంది. ఇలా అనాల్సి వస్తుందని మేము అనుకోలేదు. మా అన్న కొడుకు కూడా ఆ తాలూక్‌దార్ల వరసలోకే వస్తాడు, వాడికీ ప్రతి నెలాఖరూ వేలమే. ఆ పోలిక చెబితే వాడికి నచ్చలేదు. "అయితే నాదేం తప్పు లేదా?" అన్నాడు, ఆశ్చర్యంగా, కాస్త ఆశగా కూడా. మేనత్త అడిగింది, ఆ ముసలాయన ఏటేటా కట్టాలని తెలిసే సంతకం చేశాడా అని. వాడు కాసేపు మాట్లాడలేదు. బ్యాంకులో వేసినట్టే అని చెప్పానన్నాడు. అలా చెప్పమని ఎవరైనా చెప్పారా? చెప్పలేదు. అలా చెప్పని వాళ్లెవరైనా ఆ ఆఫీసులో ఇంకా ఉన్నారా? ఒకామె ఉందట. లిస్టులో ఎప్పుడూ మధ్యలో ఉంటుందట.

నియమాలు మార్చాలన్న పిల్ల మాట మేము వదిలేయలేదు. నిజానికి సాలార్‌జంగ్ భూమిశిస్తు పాటలు ఆపినా ఆబ్కారీ పాటలు ఆగలేదు, సంస్థానం పోయినా ఆగలేదు. గీత దాటి ఆంధ్రప్రదేశ్‌లో కలిసినవాళ్లకు సారా వేలాలు వచ్చాయి, మాకు కర్ణాటక సారాయి వేలాలు వచ్చాయి. ఆపింది ఏ దివానూ కాదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో, అక్షరాస్యత తరగతుల్లో కూర్చున్న ఆడవాళ్లు ముందు ఊళ్లో సారా దుకాణం మూయించారు. రోశమ్మ పేరు అప్పుడే రాష్ట్రమంతా తెలిసింది. జిల్లా అంతా పాకాక వాళ్లు వేలంపాట జరిగే చోటికే వెళ్లి అడ్డం కూర్చున్నారు, పాటలు వాయిదాలు పడ్డాయి. వాళ్లు వ్యవస్థదా మనిషిదా తప్పు అని తేల్చుకున్నాక బయల్దేరలేదు. ఊళ్లో సారా అమ్మేవాణ్ని పేరు పెట్టి నిలదీశారు, జిల్లా కేంద్రంలో పాటను ఆపారు. 1993 అక్టోబరు 1 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో సారా నిషేధం వచ్చింది. కర్ణాటకలో 2007 జులైలో గానీ రాలేదు. ఆ పద్నాలుగేళ్లూ జహీరాబాద్ వైపు చుట్టాలు మమ్మల్ని ఎగతాళి చేసేవారు, మీ దగ్గర ఇంకా పాటలు పాడుతున్నరా అని. మాకు ఆ ఎగతాళి ఎందుకు గుచ్చుకునేదో వాళ్లకు తెలియదు.

దసరా తర్వాత రెండు పనులు జరిగాయి. అన్న కొడుకు ఆ రైతు ఊరికి వెళ్లొచ్చాడు. డబ్బు తిరిగి రాదు, ఫిర్యాదు కాగితం మాత్రం దగ్గర కూర్చుని తనే రాసిచ్చాడు. అందులో తన పేరు కూడా రాశాడు. ఉద్యోగం ఇంకా ఉంది, ఎన్నాళ్లుంటుందో చూడాలి.

రెండోది మాది. ఊరు విడిచిన ఆ గౌడు కుటుంబం వారసులు జహీరాబాద్ దగ్గర ఉన్నారని మా ఆడపడుచుల ద్వారా తెలిసింది. కబురు పంపితే కార్తీకమాసంలో ఇద్దరు అన్నదమ్ములు వచ్చారు. ముందు అనుమానంగానే కూర్చున్నారు, చాయ్ కూడా సగమే తాగారు. జాగా సంగతి మాట్లాడితే, ఇంట్లో పెద్దాయన ఉన్నాడని, సంక్రాంతికి ఆయన్ని తీసుకొచ్చి మాట్లాడతామని అన్నారు. మా ఇంట్లోనూ ఆ జాగా గురించి అందరిదీ ఒక మాట కాదు, అది దాచడం దేనికి. పెరట్లోకి వెళ్లి చింతచెట్టు చూశారు. తర్వాత బహీలో వాళ్ల తాత పేరున్న పేజీ తెరిచి చూపించాం. పెద్దవాడు వేలు పెట్టి నిదానంగా చదివాడు. చెట్ల లెక్క గురించి ఏమీ అనలేదు.

"ఇది మా తాత పేరు కాదు సార్" అన్నాడు. "మా తాత తమ్మునిది. అప్పటికి ఆయన చిన్న పోరడు, చెట్టెక్కే వయసు గూడ కాదు."

మేనత్త పెన్సిలు తెప్పించి, ఆ పేరు పక్కన అసలు పేరు రాయించింది.